అక్కడ పరుగు – ఇక్కడ నడక

పదవ తరగతి పరీక్షలు దగ్గరపడుచున్న రోజులలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక చిన్న వాక్యము వ్రాసి, దానిని తెలుగు చేయుడని అడిగినాడనుకొనుడు. ‘మై అంకుల్ రన్స్ ఎ స్కూల్’ అన్నది ఆ వాక్యము. మాటలు అయిదే, అన్నియు పిల్లలు ఎరిగినవే. వెనుక బల్లమీది కుఱ్ఱవాడొకడు ధైర్యము చేసి లేచి, ‘మా మామయ్య బడిని పరుగెత్తించును’ అని చెప్పును. తరగతి గొల్లుమని నవ్వును. ఉపాధ్యాయుడును ఆ నవ్వులో కలిసినచో ఆ కుఱ్ఱవాడు తలవంచుకొని కూర్చుండును. ఆ సంవత్సరమంతయు ఇంగ్లీషు గంటలో అతడు మరల నోరు విప్పడు.

ఆ కుఱ్ఱవాని తప్పు ఎచ్చట పుట్టినది? మూడవ తరగతిలోనో నాలుగవ తరగతిలోనో ‘రన్ అనగా పరుగెత్తు’ అని అతనిచేత వల్లె వేయించిరి. ఎక్కములతోపాటు అదియు కంఠస్థమైనది. రెండురెళ్లు ఏ ఊరిలోనైనను, ఏ లెక్కలోనైనను నాలుగే. కాని మాట ఎక్కము వంటిది కాదు, మనిషి వంటిది. ఒక్క మనిషియే ఇంటిలో తండ్రి, బడిలో పంతులు, అత్తవారింట అల్లుడు. ప్రక్కన ఉన్నవారినిబట్టి అతని వరుస మారుచుండును. మాటకును అంతే. ‘రన్’ అను ఈ మూడక్షరముల ఇంగ్లీషు మాటకు ఎన్ని వరుసలున్నవో తెలిసినచో ఆ తరగతిలో నవ్వువారి సంఖ్య తగ్గును.

ఒక మాటకు 645 అర్థములు

ఇంగ్లీషు భాషకు ప్రమాణముగా ఎన్నబడు ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువును సంపాదకులు మొదటినుండి సవరించుచున్నారు. ఆ సవరణలో 2011లో ‘రన్’ అను క్రియ వంతు వచ్చినది. పీటర్ గిల్లివర్ అను నిఘంటుకారుడు ఈ ఒక్క మాటపై సుమారు తొమ్మిది నెలలు శ్రమించెను. పని ముగియునప్పటికి క్రియారూపమునకే 645 అర్థములు తేలినవి. ఆ మహానిఘంటువులో ఇంతటి విస్తృతి అంతకుముందు మరియొక మాటకు కలుగలేదు. 1989లో ఇరువది సంపుటములుగా వెలువడిన రెండవ కూర్పులో ఈ గౌరవము ‘సెట్’ అను క్రియది. దానికి 430కి పైగా అర్థములు. వాటి వివరణకే సుమారు 60,000 మాటలు పట్టినవి. సవరణ సాగినకొలది 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’ దానిని దాటినవి. తుదకు ‘రన్’ అన్నిటిని మించినది.

ఈ నిఘంటువు చరిత్ర ఉపాధ్యాయులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. 1857లో లండనులోని భాషాశాస్త్ర సమాజమువారు ఇంగ్లీషు మాటలన్నిటికి చరిత్రతోకూడిన కోశము కావలెనని సంకల్పించిరి. 1879లో ఆ భారము జేమ్స్ మరే అను బడిపంతులుపై పడినది. పదునాలుగేండ్ల ప్రాయమున చదువు మానవలసివచ్చి, స్వయంకృషితో అనేక భాషలు నేర్చిన మనిషి ఆయన. మిల్ హిల్ పాఠశాలలో పాఠములు చెప్పుచునే, రేకుల షెడ్డు వేయించి నిఘంటువు పనికి కూర్చుండెను. దేశదేశముల చదువరులు పుస్తకములు చదివి, ఒక్కొక్క మాట వాడబడిన వాక్యమును చీటీపై ఎత్తి వ్రాసి ఆయనకు పంపిరి. అట్టి చీటీలు లక్షలకొలది వచ్చిపడినవి. మొదటి భాగము 1884లో వెలువడినది. చివరి భాగము 1928లో. 1915లో మరే కన్నుమూయునాటికి ‘టి’ అక్షరము పని ఇంకను జరుగుచునే ఉండెను. ‘ఆర్’ అక్షరము, దానితోపాటు ‘రన్’ అను మాట, ఆయన సహ సంపాదకుడు విలియం క్రెయిగీ చేతిమీదుగా వెలువడినవి.

ఆ చీటీలు చెప్పిన సత్యమొకటి కలదు. అర్థమును ముందుగా నిర్ణయించి దానికి ఉదాహరణలు వెదకుట నిఘంటుకారుల పద్ధతి కాదు. ముందు వాక్యములను పోగుచేసిరి. ఆ వాక్యములనుండి అర్థములను ఏరిరి. బడిలో పిల్లవానికి ముందు అర్థము చెప్పి, వాక్యమును తరువాత ఎప్పుడో చూపుట దీనికి సరిగా తలక్రిందులు.

ఈ కష్టము కొత్తది కాదు. 1755లో ఒంటిచేతితో ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించిన శామ్యూల్ జాన్సన్, దాని పీఠికలో ఇట్టి చిల్లర క్రియలవలన తాను పడిన పాట్లు చెప్పుకొనెను. అర్థము వదులుగా ఉండి, మొదటి భావమునుండి దూరదూరముగా చెదరిపోయి, పట్టుకొన చిక్కనివని ఆయన పేర్కొన్న క్రియల జాబితాలో గెట్, గివ్, పుట్, సెట్, టేక్ అనువానితోపాటు ‘రన్’ కూడ కలదు. జాన్సన్ అంతటి పండితుడు అలసిన చోట వెనుక బల్లమీది కుఱ్ఱవాడు తడబడుట వింత కాదు.

విద్యార్థులకు సాధారణముగా పొడుగు మాటలనిన భయము. కాని పొడుగు మాట సాధుజంతువు. ‘హైడ్రోజన్’ అను మాటకు ఎచ్చటనైనను ఒక్కటే అర్థము. ఒకసారి నేర్చిన చాలును. విద్యార్థి భయపడునది పొడుగు మాటకు. మోసపోవునది పొట్టి మాటకు.

రెండు ఏరులు కలిసిన చోటు

ఇన్ని అర్థములు ఒక్క మాటకు ఎట్లు పట్టినవి? దీనికి మొదటి కారణము పుట్టుకలోనే కలదు. నేటి ‘రన్’ నిజమునకు ఒక్క మాట కాదు. రెండు మాటలు కలిసి ఒకటియైనది. ప్రాచీన ఇంగ్లీషులో ‘రిన్నన్’ అను అకర్మక క్రియ యొకటి ఉండెను. పరుగెత్తుట, ప్రవహించుట రెండును దాని అర్థములే. దానికి తోడుగా ‘ఎర్నన్’ అను మరియొక క్రియ ఉండెను. అది మూలమున ప్రేరణార్థకము, అనగా పరుగెత్తించుట. ఒకటి తాను పరుగెత్తునది, రెండవది ఇంకొకదానిని పరుగెత్తించునది. కాలక్రమమున ఈ రెంటి రూపములు ఒరసికొని, అరిగి, ఒక్కటే రూపమైనవి. జర్మను భాషలో నేటికిని ‘రిన్నెన్’ అనగా జాలువారుట, ‘రెన్నెన్’ అనగా పరుగెత్తుట అని వేరువేరుగా మిగిలియున్నవి. ఇంగ్లీషులో గోడ పడిపోయి రెండిండ్లు ఒక్కటియైనవి.

తెలుగు పిల్లవానికి ఈ విషయము బోధపరచుట మిక్కిలి సులభము. తెలుగులో గోడ నేటికిని చెక్కు చెదరలేదు. నడుచు – నడుపు. పారు – పారించు. ఆడు – ఆడించు. పడుకొను – పడుకొనబెట్టు. తాను చేయుటకు ఒక రూపము, చేయించుటకు మరియొక రూపము. ఇంగ్లీషులో ఇట్టి జంటలు కొన్ని మాత్రమే మిగిలినవి. ‘లై’ అనగా పండుకొనుట, ‘లే’ అనగా పండబెట్టుట. ‘సిట్’ అనగా కూర్చుండుట, ‘సెట్’ అనగా మొదట కూర్చుండబెట్టుట. 1989లో అర్థముల సంఖ్యలో మొదటి స్థానమందున్న ‘సెట్’ ఇట్టి ప్రేరణార్థకమే. ‘రన్’ విషయమున జంట కలిసిపోయినది గనుక, వాక్యములో కర్మ ఉన్నదో లేదో చూచి అర్థము తెలిసికొనవలసి వచ్చినది.

ఇంకొక పోలిక కూడ గమనింపదగినది. ‘రిన్నన్’ అనుదానికి పరుగు, ప్రవాహము రెండును అర్థములైనట్లే, తెలుగున ‘పారు’ అను ధాతువునకును ఆ రెండే అర్థములు. కాలువలో నీరు పారును. శత్రువును చూచి పిరికివాడు పారిపోవును. ‘పరుగు’ అను మాటయు ఆ కుటుంబములోనిదే. ఒండొరులను ఎరుగని రెండు భాషలు నీటి పోకడను, కాలి పరుగును ఒక్క చూపుతోనే చూచినవి.

కొమ్మలు, రెమ్మలు

ఈ మొదలునుండి కొమ్మలు ఎట్లు చీలినవో వరుసగా చూచినచో 645 అను సంఖ్య భయపెట్టదు.

మొదటి కొమ్మ కాలి పరుగు. ‘ది బాయ్ రన్స్’ అనగా కుఱ్ఱవాడు పరుగెత్తును. దీనినుండియే క్రికెట్టులోని ‘రన్’ పుట్టినది. బ్యాటు పట్టినవాడు ఈ కొసనుండి ఆ కొసకు పరుగెత్తినచో ఒక పరుగు. పూర్వము ఇంగ్లండులో ఈ పరుగులను కఱ్ఱపై గాట్లు పెట్టి లెక్కించెడివారు. అందుచే వాటిని గాట్లనియే పిలిచెడివారు. నేడు బంతి నేలను తాకుచు హద్దు దాటినచో ఆటగాడు కాలు కదపకున్నను నాలుగు పరుగులు వచ్చును. పరుగు లేని పరుగు! అర్థము మొదటి చోటనుండి ఎట్లు జరుగునో చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము పిల్లలకు దొరకదు.

రెండవ కొమ్మ ద్రవముల పోక. ఏరు ‘రన్స్’, కుళాయి ‘రన్స్’, జలుబు చేసిన ముక్కు ‘రన్స్’, ఉతికిన చీర రంగు ‘రన్స్’. తెలుగున ఏరు పారును, కుళాయినుండి నీరు వచ్చును, ముక్కు కారును, చీర రంగు దిగును. ఇంగ్లీషు ఒక్క మాటతో గడుపుకొన్న చోట తెలుగు నాలుగు మాటలు ఖర్చు చేసినది.

మూడవ కొమ్మ గీతవలె సాగియున్న వస్తువులు. రోడ్డు నదివెంట ‘రన్స్’, గోడ తోటచుట్టు ‘రన్స్’, తీగ పందిరిమీద ‘రన్స్’. ఇచ్చట కదలునది ఏదియు లేదు. రోడ్డు ఉన్నచోటనే ఉన్నది. కదలునది చూచువాని కన్ను. తెలుగునను ‘ఈ దారి ఎక్కడికి పోవును?’ అని బాటసారి అడుగును. దారి ఎక్కడికిని పోదని అతనికిని తెలియును.

నాలుగవ కొమ్మ యంత్రములు. గడియారము, మిల్లు, రైలు, ఇంజను ఇవన్నియు ఇంగ్లీషున ‘రన్’. యంత్రములు పెరిగినకొలది ఈ కొమ్మ లావెక్కినది. నేటి కంప్యూటరులో ప్రోగ్రాము కూడ ‘రన్’ అగును. తెలుగున గడియారము నడుచును, రైలు నడుచును, గానుగ ఆడును, మర ఆడును.

అయిదవ కొమ్మయే ఆ కుఱ్ఱవానిని చిక్కించుకొన్న కొమ్మ: నిర్వహణము. యంత్రమును పనిచేయించుట ‘రన్’ అయినప్పుడు, పనులు సాగునట్లు చూచుకొనవలసిన సంస్థయు ఒక యంత్రము వంటిదే అయినది. దుకాణము, హోటలు, పత్రిక, పాఠశాల వీటన్నిటిని ‘రన్’ చేయుట అను ఈ వాడుక 19వ శతాబ్దమున అమెరికా ఇంగ్లీషులో బలపడి, ఇతర దేశములకు వ్యాపించినది. తెలుగువాడు వీటిని పరుగెత్తింపడు, నడుపును. కొట్టు నడుపును, బడి నడుపును, పత్రిక నడుపును, సంసారము నడుపును. వ్యాపారము బాగున్నచో ‘బాగుగా నడుచుచున్నది’ అనును.

ఆరవ కొమ్మ కాలము. కౌలు ఒప్పందము అయిదేండ్లు ‘రన్స్’ అనగా అయిదేండ్లు చెల్లును. సినిమా నూరు రోజులు ‘రన్స్’ అనగా నూరు రోజులు ఆడును. ‘ఉత్తరము ఇట్లు రన్స్’ అనగా ఉత్తరములో ఇట్లున్నది. కథయైనచో సాగును.

ఏడవ కొమ్మ ఎన్నికలు. అమెరికా దేశమున పదవికి పోటీచేయువాడు ‘రన్స్’. ఇంగ్లండులో అతడు ‘స్టాండ్స్’. ఒక్క భాషలోనే ఒకచోట పరుగెత్తుట, మరియొకచోట నిలబడుట. తెలుగుదేశమున అభ్యర్థి ఎన్నికలలో నిలబడును. ఇచ్చట తెలుగు ఇంగ్లండు పక్షము.

ఈ పట్టిక చూచి, తెల్లవారు తొందరపాటువారు గనుక పరుగెత్తింతురనియు, తెలుగువారు నిదానస్థులు గనుక నడుపుదురనియు తీర్మానించుటకు మనసు పోవును. అది సరసమైన మాటయే గాని నిజము కాదు. ఇంగ్లీషువాడు గడియారము ‘గోస్’ అనియు అనును, అనగా పోవును. తెలుగువాడు ధరలు పరుగెత్తుచున్నవనును, మనసు పరుగులు తీసినదనును. ఏ భాషయైనను కదలికను తెలుపు ఒక మాటను చేతబట్టి, దానిని కదలని వస్తువులమీదికి కూడ వాడుకొనుచు పోవును. ఒకరి చేతికి ‘రన్’ దొరికినది; మరియొకరి చేతికి ‘నడుచు’ దొరికినది. దారి మాత్రము ఒక్కటే.

తోక మారిన తల మారును

జాన్సన్ తన పీఠికలోనే మరియొక హెచ్చరిక చేసెను. క్రియ వెనుక ఒక చిన్న మాటను చేర్చి అర్థము మార్చుట ఇంగ్లీషున అధికమనియు, పరదేశీయులకు ఇదియే మిక్కిలి కష్టమనియు ఆయన అభిప్రాయము. ‘రన్’ వెనుక ‘ఇంటూ’ అను తోక తగిలించి చూడుడు. కుఱ్ఱవాడు గదిలోనికి ‘రాన్ ఇంటూ’ అనగా పరుగెత్తుకొని ప్రవేశించెను. బస్సు చెట్టును ‘రాన్ ఇంటూ’ అనగా గుద్దుకొనెను. అతడు సంతలో స్నేహితుని ‘రాన్ ఇంటూ’ అనగా అనుకోకుండ కలిసికొనెను. రైతు అప్పులోనికి ‘రాన్ ఇంటూ’ అనగా అప్పులపాలయ్యెను. తల ఒకటే, తోక ఒకటే. ప్రక్కనున్న నామవాచకము మారగానే అర్థము నాలుగు విధములైనది.

‘ఓవర్’ అను తోక చేర్చినచో, కారు కుక్కను త్రొక్కివేయుట ఒక అర్థము. గిన్నెనుండి పాలు పొంగిపొర్లుట మరియొక అర్థము. పరీక్షకు ముందు పాఠమును ఒకమారు పైపైన చూచుకొనుట ఇంకొక అర్థము. ‘డౌన్’ చేర్చినచో పరుగెత్తుకొని దిగుట, గడియారము శక్తి తగ్గి ఆగుట, ఎదుటివానిని చులకనచేసి మాటలాడుట. ‘అవుట్’ చేర్చినచో ఊరిలోని ప్రతి పిల్లవానికి తెలిసిన క్రికెట్టు ‘రనౌటు’ ఒకటి. వంటింటిలో ఉప్పు అయిపోవుట మరియొకటి.

ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెను. తెలుగు ఇల్లాలు ఉప్పు అయిపోయినదని చెప్పదు. ‘ఉప్పు నిండుకొన్నది’ అనును. లేదనుట అశుభమని ఖాళీ డబ్బాను నిండినదిగా చెప్పుట ఈ దేశపు మర్యాద. తెలుగు నేర్చుకొనుచున్న పరదేశి ఆ మాట విని, ఇంటిలో ఉప్పునకు కొదవలేదని సంతోషించును. అతని తప్పును చూచి నవ్వుటకు ముందు, అతడును ఒక మాటకు ఒకే అర్థము నేర్చినవాడని గుర్తింపవలెను.

తెలుగు క్రియల తోకలును తక్కువవి కావు. ‘వ్రాసికొను’ అనగా తనకొరకు వ్రాయుట. ‘వ్రాసిపెట్టు’ అనగా ఇతరులకొరకు వ్రాయుట. ‘వ్రాసివేయు’ అనగా ముగించుట. ఇంగ్లీషువారు క్రియ వెనుక చిన్న అవ్యయమును చేర్చుదురు. తెలుగువారు క్రియ వెనుక మరియొక క్రియను చేర్చుదురు. పిల్లవాడు ఈ మూడింటి భేదమును ఏ వ్యాకరణము చదువకయే ఎరుగును.

‘కొట్టు’ ఎరిగినవానికి ‘రన్’ కష్టమా?

నాలుగేండ్ల తెలుగు పిల్లవానికి ‘కొట్టు’ అను క్రియ తెలియును. బడి బంట్రోతు గంట కొట్టును. పూజారి కొబ్బరికాయ కొట్టును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు, చెరువులో ఈత కొట్టుదురు. పండుగకు గోడలకు సున్నము కొట్టుదురు. సైకిలుకు గాలి కొట్టుదురు. చేనికి మందు కొట్టుదురు. కచేరిలో కాగితముపై ముద్ర కొట్టుదురు. మాడిన అన్నము వాసన కొట్టును. పరీక్షలో ఒకడు కాపీ కొట్టును. ఆట విసుగు పుట్టినచో ‘బోరు కొట్టినది’ అందురు. ఇన్ని ‘కొట్టు’లలో దెబ్బ తగులునది ఎన్నింటిలో? పిల్లవాడు ఏ ఒక్కదానికిని నిఘంటువు చూడలేదు. ఏ ఒక్కదానిని వల్లె వేయలేదు. గాలితోను, సున్నముతోను, గంటతోను కలిపి విన్నాడు, కలిపి నేర్చినాడు.

తెలుగు నేర్చి, 1852లో మద్రాసునుండి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరకు ఇట్టి క్రియలవద్ద ఎంత ఓపిక కావలసివచ్చినదో ఊహింపవచ్చును. సైకిలుకు గాలి కొట్టుటను మాటకు మాటగా ఇంగ్లీషు చేసినచో, గాలిని చావగొట్టుచున్నారను అర్థము వచ్చును. మామయ్య బడిని పరుగెత్తించుట దానికి ప్రతిబింబమే.

కనుక బహ్వర్థములు గల క్రియను పట్టుకొను శక్తి తెలుగు పిల్లవానికి లేదనుట తప్పు. ఆ శక్తి అతనికి మాతృభాషలోనే సిద్ధించియున్నది. దానిని ఇంగ్లీషు గంటలో వాడుకొనుటకు ఎవరును చెప్పలేదు, అదియే లోపము.

తరగతి గదిలో చేయదగినది

మాటల లెక్కతో భాషను కొలుచుట ఎంత మోసమో 1930లో సి. కె. ఆగ్డెన్ ప్రకటించిన ‘బేసిక్ ఇంగ్లీషు’ చెప్పకయే చెప్పుచున్నది. 850 మాటలతో ఇంగ్లీషు అంతయు గడుపవచ్చునని ఆయన ప్రణాళిక. అందులో క్రియలు 18 మాత్రమే. సంఖ్య చూచిన సులభమే. కాని ఆ కొద్ది క్రియలు వందల క్రియల బరువు మోయవలెను. నేర్చుకొనువాడు మాటలను తగ్గించుకొన్నంత మాత్రమున అర్థములు తగ్గవు.

దీనికి మందు వెదకినవారిలో మైకేల్ వెస్ట్ ఒకడు. అవిభక్త వంగదేశమున ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడిపి, భారతీయ బాలురకు ఇంగ్లీషు చెప్పుటలోని సాధకబాధకములను దగ్గరగా చూచినవాడు. 1953లో ఆయన సంపాదకత్వమున వెలువడిన సుమారు 2,000 మాటల పట్టికలో ప్రతి మాట ఎంత తరచుగా వచ్చునో చెప్పుటతో ఆగక, ఆ మాటయొక్క ఏ అర్థము ఎంత తరచుగా వచ్చునో కూడ లెక్కించి చూపిరి. ఉపాధ్యాయునకు దీనివలన కలుగు ధైర్యము గొప్పది. 645 అర్థములలో నిత్యము తటస్థించునవి కొన్నియే. వాటిని ముందు చెప్పి, మిగిలినవి చదువులో ఎదురైనప్పుడు చెప్పిన చాలును.

ఎదురైనప్పుడు విద్యార్థి తన్ను తాను మూడు ప్రశ్నలు అడుగుకొనవలెను. పరుగెత్తుచున్నది ఏది: మనిషియా, నీరా, యంత్రమా, దారియా, కాలమా? క్రియ తరువాత కర్మ కలదా? వెనుక తోక కలదా? ‘మై అంకుల్ రన్స్’ అని వాక్యము ఆగినచో మామయ్య తానే పరుగెత్తును. ‘మై అంకుల్ రన్స్ ఎ స్కూల్’ అన్నచో కర్మ వచ్చినది, ఆ కర్మ సంస్థ, కావున నిర్వహణము. ‘మై అంకుల్ రన్స్ ఆఫ్టర్ ఎ బస్’ అన్నచో తోక వచ్చినది, వెంటబడుట. అర్ధ నిమిషము కూడ పట్టని పని ఇది. అర్థములను పట్టికగా గాక, ఒక్కొక్క అర్థమును ఒక్కొక్క చిన్న వాక్యముగా వ్రాతపుస్తకమున ఎక్కించినచో మరే వాడిన చీటీలవంటివి పిల్లవానివద్ద కూడ పెరుగుచుండును.

ఈ మాట తెలుగువారికి పరాయిది కూడ కాదు. తరగతిలో ‘రన్నింగు నోట్సు’ చెప్పుదురు. ‘రన్నింగు బస్సు’ ఎక్కవద్దని పెద్దలు మందలింతురు. రేడియోలో ‘రన్నింగు కామెంటరీ’ విందురు. నేటి యువకుడు ‘వ్యాపారము రన్ చేయుచున్నాను’ అనును. నోట్సు పరుగెత్తదనియు, అది ఆగకుండ చెప్పుకొనిపోవునది అనియు పిల్లలకు తెలిసినదే. తెలిసినదానినుండి తెలియనిదానికి వంతెన వేయుటకు ఈ వాడుకలు ఉపయోగించును.

తుదకు ఆ కుఱ్ఱవానివద్దకు రావలెను. ‘మా మామయ్య బడిని పరుగెత్తించును’ అని అతడు చెప్పినది తప్పే. కాని ఎంత తప్పు? అతడు ‘పరుగెత్తును’ అని చెప్పలేదు. ‘పరుగెత్తించును’ అని చెప్పినాడు. వాక్యములో కర్మ ఉన్నదని కనిపెట్టినాడు. కర్మ ఉన్నది గనుక ప్రేరణార్థకము కావలెనని తనంత తాను గ్రహించినాడు. వెయ్యి యేండ్లకు పూర్వము ఇంగ్లీషు భాషలో ఉండి, తరువాత కలిసిపోయిన ‘ఎర్నన్’ అను క్రియయొక్క అర్థమును, దాని పేరైనను వినకుండ, తెలుగు వ్యాకరణపు బలముతో తిరిగి కనుగొన్నాడు. ఇంగ్లీషు భాష నడిచివచ్చిన దారిలో ముప్పాతిక భాగము అతడును నడిచినాడు. మిగిలినది ఒక్క అడుగు: తెలుగులో బడిని పరుగెత్తింపరు, నడుపుదురు.

ఆ ఒక్క అడుగు వేయించుటకు ఉపాధ్యాయుడు కావలెను. ‘సగముకంటె ఎక్కువే సరిగా చెప్పినావు, ఇక తెలుగువారు ఏమందురో ఆలోచించు’ అని ఆయన అన్నచో తరగతిలో నవ్వు ఆగును. కుఱ్ఱవాడు ఒక్క నిమిషము ఆలోచించి, ‘మా మామయ్య బడి నడుపుచున్నాడు’ అని చెప్పును. మరునాడును అతడు లేచి నిలుచుండును.